బాంబు బెదిరింపు వస్తే విమానం ఎక్కడ దిగాలో చెప్పేదెవరు?

గాల్లో ఉన్న విమానాన్ని 'ఫలానా చోట దిగు' అని ప్రభుత్వం ఆదేశించగలదా, పైలట్ కాదనొచ్చా అని కదా మీ ప్రశ్న.

ఆదేశించగలదు. అయితే గాల్లో ఉన్నంతసేపూ భద్రత విషయంలో చివరి మాట కెప్టెన్‌దే. ఇంధనం చాలదనో, అక్కడ వాతావరణం బాలేదనో ఇంకో చోట దింపితే తప్పుపట్టలేరు. చక్రాలు నేలకి ఆనాక పెత్తనం నేలమీది అధికారుల చేతికి పోతుంది.

మాది బరంపురం. 2024 అక్టోబరులో ఉత్తుత్తి బెదిరింపులు వరసకట్టిన రోజుల్లో హైదరాబాద్ నుంచి భువనేశ్వర్ వస్తున్నాను. దిగాక టెర్మినల్ వైపు తిప్పకుండా దూరంగా ఓ మూలకి, ఐసొలేషన్ బేకి తీసుకుపోయి ఆపేశారు. "ఇదేటి బాబూ, పాడైపోయిన బస్సుని డిపోలో పడేసినట్టు పడేశారు" అని పక్కసీటు పెద్దాయన ఒకటే విసుక్కోవడం. కిందికి దించి, సామాన్లన్నీ నేలమీద వరసగా పెట్టి, ఎవరివి వాళ్లని చూపించమన్నారు. మా వదిన కట్టిచ్చిన ఆవకాయ డబ్బా దగ్గర పోలీసు కుక్క ఆగి, ఓ తుమ్ము తుమ్మి, ముందుకెళ్లిపోయింది. ఎయిర్‌పోర్టు కాపలా చూసే సీఐఎస్ఎఫ్ వాళ్ల మొహాలు చూసి నవ్వు మింగేశాను.

అలా పక్కన పెట్టాలా వద్దా అని తేల్చేది ఎయిర్‌పోర్టులో ఉండే బెదిరింపుల మదింపు కమిటీ. బెదిరింపు నమ్మదగ్గదే, ఫలానా విమానానికే అనిపిస్తే 'స్పెసిఫిక్', లేదంటే 'నాన్ స్పెసిఫిక్'.

హైజాక్ అయితే లెక్క వేరు. 1999 డిసెంబరు 24న హైజాకర్ల చేతిలో పడ్డ ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం ఐసీ 814 అమృత్‌సర్‌లో దిగి ముప్పావుగంటకి పైనే ఉంది. ఆపే అధికారం మనకి అప్పుడూ ఉంది. ఢిల్లీలో ఏదో ఒకటి తేల్చేలోపు, ఇంధనం కూడా పోయించుకోకుండా లేచిపోయింది. లాహోర్, దుబాయ్, చివరికి అఫ్ఘానిస్థాన్‌లోని కాందహార్. నన్నడిగితే అక్కడ కొరవడింది చట్టం కాదు, చురుకు. 2005లో వచ్చిన విధానం ప్రకారం దిగిన విమానాన్ని మళ్లీ లేవనివ్వకూడదు. దాన్నే ఆయుధంగా వాడబోతున్నారని తేలితే కూల్చేయొచ్చు కూడా. ప్రయాణికుల విమానాల మీద ఆయుధాలు వాడొద్దని 1984లో పౌర విమానయానంపై దేశాల మధ్య ఉన్న చికాగో ఒప్పందంలో చేర్చారు కాబట్టి అది మరీ గత్యంతరం లేనప్పటి మాట.

దానికి ముందు మెట్టు, యుద్ధవిమానాలు పంపి బలవంతంగా దింపించడం. పశ్చిమ బెంగాల్‌లోని పురూలియాలో ఆయుధాలు జారవిడిచిన ఆంటొనొవ్ రవాణా విమానాన్ని 1995 డిసెంబరులో అలాగే ముంబైలో దింపారు. దింపిన ఎయిర్‌పోర్టులోంచే అసలు మనిషి కిమ్ డేవీ జారుకున్నాడు లెండి.