నాయకుల సోషల్ మీడియా ఖాతాల్లో రాసేది నిజంగా వాళ్ళేనా? అందులో ముప్పేమైనా ఉందా?

చాలామంది విషయంలో వాళ్ళు కాదు. కొంతకాలం నేనే రాశాను కాబట్టి చెబుతున్నా. విజయవాడ సూర్యారావుపేటలో ఒక నాయకుడి ఆఫీసు, మేడ మీద రెండు గదులు (పేరు అడక్కండి). ఆయన ఖాతాలు ఆరు ఫోన్లలో తెరిచి ఉండేవి. పాస్‌వర్డ్ కావాలంటే వాట్సాప్ గ్రూపులో కాస్త పైకి జరిపితే దొరికేది. సార్ ఫోన్లో మాత్రం ఆ ఖాతాల యాప్ ఒక్కటీ లేదు. ఎవరేం తిట్టారో సాయంత్రం ప్రింట్ తీసిస్తే కళ్ళజోడు పెట్టుకుని చదివేవారు.

ముప్పు అనగానే అందరికీ హ్యాకర్లే గుర్తొస్తారు. మా కొంప ముంచింది తొందర. గుంటూరులో ఒక పెద్దాయన ఆసుపత్రిలో ఉన్నారు. శ్రద్ధాంజలి పోస్టర్ ముందురోజే చేసిపెట్టాం: ఆయన ఫొటో, దండ, దీపం, కింద చేతులు జోడించిన మా సార్ (మా సార్ ఫొటోయే పెద్దది). పాపమే, కానీ అవతలి పార్టీ కంటే ముందు పడాలి కదా. రాత్రి ఏదో చానల్లో స్క్రోలింగ్ రాగానే మా కుర్రాడు వదిలేశాడు. పది నిమిషాల్లో ఆ ఇంటి నుంచి ఫోన్: "మా నాన్నగారు ఇప్పుడే ఇడ్లీ తిన్నారండీ." వెంటనే తీసేశాం, కానీ స్క్రీన్‌షాట్ అప్పటికే ఒంగోలు దాటేసింది. మర్నాడు సార్ పళ్ళబుట్ట పట్టుకుని వెళ్ళి క్షమాపణ చెప్పుకొచ్చారు.

పెద్దవాళ్ళ దగ్గరా చాలాసార్లు లోపలి మనుషుల వల్లే. 2017 నవంబరులో ట్రంప్ ఖాతా 11 నిమిషాలు మాయమైంది. ట్విటర్‌లో ఉద్యోగానికి అదే ఆఖరి రోజైన ఒకతను ఆపేశాడు. 2020 జులైలో ఒబామా, బైడెన్ ఖాతాల్లో బిట్‌కాయిన్ (ఒకరకం డిజిటల్ డబ్బు) మోసం పోస్టులు పడ్డాయి. దొంగలు ట్విటర్ ఉద్యోగులకే ఫోన్లు చేసి నమ్మించి లోపలికి వెళ్ళారు. ఎలా జరిగిందో గానీ, 2021 డిసెంబరులో మన ప్రధాని మోదీ ఖాతాలో, ప్రభుత్వం 500 బిట్‌కాయిన్లు కొని జనానికి పంచుతోందని వచ్చింది. అర్ధరాత్రి దాటాక రాబట్టి సరిపోయింది, అదే పట్టపగలైతే?

పోనీ సొంతంగా రాసుకుంటే నయమా అంటే, ఎలాన్ మస్క్‌ని చూడండి. తన కార్ల కంపెనీ టెస్లా షేర్లను 420 డాలర్ల చొప్పున కొనేసి స్టాక్ మార్కెట్ నుంచి బయటికి తీసేద్దామనుకుంటున్నా, డబ్బు సిద్ధం అని 2018లో ఒక్క ట్వీట్ వేశాడు. అది మదుపరులను తప్పుదోవ పట్టించిందని కేసు పడి, తను 2 కోట్ల డాలర్లు, కంపెనీ మరో 2 కోట్లు జరిమానా కట్టాల్సొచ్చింది, చైర్మన్ కుర్చీ కూడా పోయింది. పక్కన మాలాంటివాడు ఒకడుంటే "పొద్దున వేద్దాం సార్" అనేవాడు.

ఆ పని మానేసిన నాలుగు నెలలకి, బెంజి సర్కిల్ దగ్గర టీ తాగుతుంటే సార్ ఖాతా ఓటీపీ నా ఫోన్‌కి వచ్చింది. మొదట్లో నా నంబరే ఇచ్చాం మరి. పీఏగారికి ఫోన్ చేసి, నంబరు మార్పించండన్నాను.

"మారుద్దాంలే తమ్ముడూ, ముందు ఆ అంకెలు చెప్పు" అన్నారు.