పదివేల అడుగులు నడిచే పిల్ల పరుగులో ఎందుకు ఆగిపోయింది?

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. ఒకచోట కూర్చునే రకం కాదు. స్కూలుకు నడిచే వెళ్తుంది, వాచీలో రోజూ పదివేల అడుగులు దాటిస్తుంది. మొన్న స్కూల్లో బీప్ టెస్ట్ పెడితే నాలుగో లెవెల్లోనే ఆగిపోయింది. పదహారేళ్ల వాళ్లన్నయ్య సోఫా దిగడు. వాడేమో ఎనిమిదో లెవెల్ దాకా లాగాడు! పిల్లకు గుండెలో ఏమైనా తేడా ఉందేమోనని టెన్షన్‌గా ఉంది.
- ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి భయపడాల్సిందేమీ కనిపించడం లేదు. అమ్మాయి రోజంతా ఎంత కదిలిందో వాచీ చెబుతుంది. గుండె, ఊపిరితిత్తులు, రక్తం, కండరాలు కలిసి గట్టిగా కష్టపడేటప్పుడు నిమిషానికి ఎంత ఆక్సిజన్ వాడుకోగలవో బీప్ టెస్ట్ అంచనా వేస్తుంది. డాక్టర్లు దాన్నే వీఓటూ మ్యాక్స్ అంటారు. ఈ వయసులో ఆ రెండింటికీ ఉన్న చుట్టరికం కాస్త దూరపుదే.

టెస్ట్ ఎలా ఉంటుందో చూడండి. 20 మీటర్ల దూరంలో రెండు గీతలు ఉంటాయి. బీప్ మోగేలోపు ఒక గీత నుంచి రెండో గీతకు చేరాలి, అందుకోలేకపోతే ఆట ముగిసినట్టే. ఒక్కో నిమిషం ఒక్కో లెవెల్. మొదటి నిమిషం గంటకు 8.5 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తాలి. ఆ తర్వాత నిమిషానికో అర కిలోమీటరు పెరుగుతుంది. అంటే నాలుగో లెవెల్‌కి వేగం 10. మామూలు నడక ఐదు దగ్గర ఉంటుంది. రోజూ ఐదుకు అలవాటుపడ్డ ఒంటిని ఒక్కసారిగా దానికి రెట్టింపు అడిగారన్నమాట. అడుగుల లెక్కలో ఈ తేడా కనిపించదు. తాపీగా వేసినా ఆయాసపడుతూ వేసినా వాచీకి అడుగు అడుగే.

విజిల్ ఊదుకుంటూ బతికినవాణ్ని కాబట్టి ఇంకో మాట చెబుతాను. కొత్త పిల్లలు మొదటి రెండు లెవెళ్లలో బీప్ కంటే ముందే గీత చేరి, అక్కడ నిలబడి ఎదురుచూస్తారు. ఆగడం, తిరగడం, మళ్లీ ఒక్క ఉదుటున లేవడం... ఊపిరంతా అక్కడే ఖర్చు. ఇక అమ్మాయిల్లో పక్కనున్న స్నేహితురాలు తప్పుకోగానే తనూ తప్పుకోవడం లెక్కలేనన్నిసార్లు చూశాను. కాబట్టి ఒక్కసారి పెట్టిన టెస్టును పట్టుకుని పిల్ల సత్తా ఇంతేనని తేల్చకండి.

అన్నయ్యతో పోలిక అసలే వద్దు. ఆ వయసుకి మగపిల్లల్లో కండ, రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్ పెరుగుతాయి. ఆడపిల్లల్లో ఒంటి కొవ్వు శాతం పెరుగుతుంది, హిమోగ్లోబిన్ అంతగా పెరగదు. వంశం నుంచి వచ్చిన వాటా కూడా తక్కువేం కాదు. అయితే వాడి ఎనిమిదో లెవెల్ చూసి మురిసిపోకండి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు సగటున రోజుకు 60 నిమిషాలు, ఊపిరి వేగం పెరిగే స్థాయి కదలిక ఉండాలనీ, వారంలో కనీసం 3 రోజులు గట్టిగా ఆయాసం వచ్చే పని కూడా ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. 2016 లెక్కల ప్రకారం 11-17 ఏళ్ల వాళ్లలో 81 శాతం మందికి ఆ గంట కూడా లేదు. మీ వాడూ అందులోనే ఉన్నాడు.

అమ్మాయి నడక మాన్పించకండి. దానికి తోడు వారానికి మూడు రోజులు, ఇరవై నిమిషాల చొప్పున, ఒక నిమిషం జోరుగా పరుగు, రెండు నిమిషాలు నడక చేయించండి. జోరు అంటే రెండు మూడు మాటలకోసారి ఊపిరి తీసుకోవాల్సి రావాలి. పరుగు నచ్చకపోతే తాడాట, ఈత, డ్యాన్స్, ఏదైనా సరే. రెండు నెలలు చేశాక మళ్లీ టెస్ట్ పెట్టించండి. అద్భుతాలు ఆశించొద్దు. ఈ వయసులో సాధనతో వీఓటూ మ్యాక్స్ మామూలుగా 5 నుంచి 10 శాతం పెరుగుతుంది, అంతే. కానీ వేగాన్ని అదుపులో పెట్టుకోవడం వస్తే లెవెల్ అంతకన్నా బాగానే మారుతుంది.

పరుగులో ఛాతీనొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా, తర్వాత పిల్లికూతలు, దగ్గు వచ్చినా డాక్టర్‌కు చూపించాలి. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉంటే అదీ చెప్పండి. నెలసరి ఎక్కువై, ముఖం పాలిపోయి, ఊరికే అలసిపోతుంటే హిమోగ్లోబిన్, ఐరన్ పరీక్ష చేయించండి. ఈ ఒక్కటీ చాలామంది వదిలేస్తారు.

ప్రశ్న: నాకు పదిహేనేళ్లు. ఫుట్‌బాల్ ఆడేటప్పుడు వాచీలో గుండె వేగం 195 చూపిస్తోంది. ప్రమాదమా సార్?

జవాబు: బాబూ, నీ వయసులో గట్టిగా ఆడితే 195, 200 మామూలే. పైగా చేతి వాచీలు పరుగులో అప్పుడప్పుడు తప్పు అంకెలు చూపిస్తాయి. ఆట ఆపి నిలబడ్డాక మొదటి నిమిషంలో అంకె గబగబా దిగుతుంటే హాయిగా ఆడుకో. కూర్చుని ఉన్నప్పుడు ఉన్నట్టుండి అలా కొట్టుకుంటే మాత్రం ఆ రోజే ఇంట్లో చెప్పు.