26వ వారంలో బ్లీడింగ్, వచ్చే నెల ప్లాటు రిజిస్ట్రేషన్: ఎఫ్‌డీ తీసేయమంటారా?

ప్రశ్న: మాది పాకాల. నా భార్యకు రెండో కాన్పు, 26వ వారం. మొదటిది సిజేరియన్. మాయ కిందికి ఉండి గర్భాశయ ముఖద్వారాన్ని పూర్తిగా కప్పేసిందని, ప్లాసెంటా ప్రీవియా అని స్కాన్‌లో చెప్పారు. పోయిన వారం బ్లీడింగ్ అయితే తిరుపతిలో మూడు రోజులు ఉంచారు, డ్యూటీ మానేయమన్నారు. తను రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో చేస్తుంది, జీతం 19,000, ఈఎస్‌ఐ ఉంది. నాకు కంపెనీ ఇన్సూరెన్స్ 3 లక్షలు, అందులో కాన్పుకు 50,000. ఎఫ్‌డీ 4 లక్షలు, సగం కట్టిన 3 లక్షల చీటీ, 10 సవర్ల బంగారం ఉన్నాయి. తిరుచానూరు వైపు ప్లాటుకు 50,000 అడ్వాన్స్ ఇచ్చాం. వచ్చే నెల రిజిస్ట్రేషన్. ఎఫ్‌డీ తీసి కట్టేయమంటారా? మామిడి డబ్బు రాగానే నాన్న సర్దుతానంటున్నారు.

జవాబు: కట్టొద్దండీ. మామిడి డబ్బు సంగతి పాకాల వాళ్లకు నేను చెప్పాలా? తోతాపురి ఫ్యాక్టరీకి తోలింది ఒక రోజు, డబ్బు చేతికొచ్చేది ఇంకెప్పుడో. ఆ లెక్క పక్కన పెట్టేయండి.

ఈ సమస్యలో బ్లీడింగ్ చాలాసార్లు నొప్పి లేకుండానే వస్తుంది, టైం చెప్పి రాదు. అంతా సవ్యంగా ఉంటే మామూలుగా 36, 37 వారాల మధ్య ఆపరేషన్ పెట్టుకుంటారు, రక్తం ఎక్కువగా పోతే మాత్రం వారాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోరు. అంటే మీకు పది వారాల టైం ఉండొచ్చు, రేపు రాత్రే పరుగెత్తాల్సి రావొచ్చు. పైగా మొదటిది సిజేరియన్ కాబట్టి మాయ పాత కుట్టు దగ్గర లోపలికి అతుక్కుందేమో డాక్టరును తప్పకుండా అడగండి, అలా ఉంటే రక్తం ఎక్కువ కావాలి, బిల్లూ పెరుగుతుంది. అందుకే ఆసుపత్రి బిల్లింగ్‌లో రెండు అంచనాలు తీసుకోండి. ఒకటి అనుకున్న తేదీకి ఆపరేషన్‌ది, రెండోది ఎమర్జెన్సీ, రక్తం, నెల తక్కువ బిడ్డకు ఎన్‌ఐసీయూ (పసిబిడ్డల ఐసీయూ) అన్నీ కలిపి. మీ ఎఫ్‌డీ ఆ రెండో అంచనా కోసం.

దాంట్లో లక్ష ఇప్పుడే సేవింగ్స్ ఖాతాలోకి తెచ్చేయండి, మిగతా మూడు లక్షలు రాత్రిపూట ఫోన్‌లోనే రద్దు చేసుకునేలా ఉందో లేదో ఒకసారి యాప్ తెరిచి చూడండి. మా చెల్లెలి కాన్పప్పుడు అర్ధరాత్రి కౌంటర్లో 80,000 కట్టమన్నారు, ఖాతాలో డబ్బుంది, కానీ బావ ఆ రోజే ఫోన్ మార్చాడు, కొత్త ఫోన్‌లో మొదటి రోజు యూపీఐ 5,000 దాటదు! చివరికి ఎవరెవరినో నిద్ర లేపి కట్టాం. మీ కార్డు కాకుండా ఇంట్లో ఇంకొకరి దగ్గర ఇంకో కార్డు ఉండాలి, ఎందుకంటే ఆ టైంలో మీరు రక్తం కోసం ఎక్కడ తిరుగుతుంటారో తెలీదు. ఆమె గ్రూపు రక్తం ఉన్న నలుగురైదుగురి నంబర్లు ఇప్పుడే రాసి పెట్టుకోండి, దీనికి పైసా ఖర్చు లేదు.

ఇన్సూరెన్స్ విషయంలో హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి, నోటి మాట వద్దు. కాన్పుకు ముందు బ్లీడింగ్‌తో చేరితే ఆ ఖర్చు 50,000 లిమిట్‌లోకే వస్తుందా, 3 లక్షల్లోకా? బిడ్డకు మొదటి రోజు నుంచే కవర్ ఉందా, ఎన్‌ఐసీయూ ఏ లిమిట్‌లో? అసలు తేడా ఇక్కడే వస్తుంది. ఇప్పుడు కొత్త పాలసీ తీసుకోమని ఎవరైనా చెప్తే నమ్మకండి, కాన్పుకు వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, ఈ కాన్పుకు పనికి రాదు.

మీరు పట్టించుకోనిది ఈఎస్‌ఐ. రెండో కాన్పుకు కూడా 26 వారాల జీతం వస్తుంది, కాకపోతే 40 వారాల లెక్కన ఇచ్చిన డెలివరీ తేదీకి ముందు 8 వారాలకు మించి వాడుకోలేరు, అంటే 32వ వారం నుంచి. ఇప్పటి నుంచి అప్పటిదాకా ఉన్న ఆరు వారాలకు సిక్‌నెస్ బెనిఫిట్ అడగండి, 70 శాతం, నెలకు సుమారు 13,300. ఈఎస్‌ఐ డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వాలి, గత కంట్రిబ్యూషన్ పీరియడ్‌లో (ఈఎస్‌ఐ చందా లెక్కగట్టే ఆరు నెలల్లో) 78 రోజులు కట్టి ఉండాలి. నెల తక్కువ కాన్పయినా, గర్భం వల్ల జబ్బు చేసినా 26 వారాల పైన ఇంకో నెల ఉంది. బయట ఆసుపత్రిలో చేరాల్సి వస్తే ప్రతి కాగితం దాచి, వెంటనే ఈఎస్‌ఐ వాళ్లకు తెలపండి.

డబ్బు చాలకపోతే చీటీ తొందరపడి పాడకండి. అవసరంలో ఉన్నామని 60,000 తగ్గించి పాడితే అది పోయినట్టే, అదే బంగారం బ్యాంకులో కుదువ పెట్టి 2 లక్షలు తెస్తే, ఏడాదికి 10 శాతం వడ్డీ అనుకున్నా ఆరు నెలలకు 10,000. సేటు కొట్టుకు మాత్రం వెళ్లకండి.

ఆసుపత్రి ఎంపిక డాక్టరు మాట ప్రకారమే. తిరుపతి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి పేరు చెబితే మనవాళ్లు ముఖం చిట్లిస్తారు గానీ, రక్తం, రాత్రి మత్తు డాక్టరు, ఎన్‌ఐసీయూ ఉన్నాయా అన్నదే నాకు ముఖ్యం. పాకాల నుంచి దాదాపు 40 కిలోమీటర్లు, చివరి వారాల్లో తిరుపతిలోనే ఉండమంటే ముందే చిన్న పోర్షన్ చూసుకోండి, శనివారం పూట గది వెతకడం ఎలా ఉంటుందో మీకు తెలిసిందే.

ప్లాటాయనకు రేపే ఫోన్ చేసి, విషయం దాచకుండా చెప్పి, గడువు నాలుగు నెలలు పొడిగిస్తున్నట్టు కాగితం మీద సంతకం తీసుకోండి. ఒప్పుకోకపోతే ఆ 50,000 వదులుకోవడానికైనా సిద్ధపడండి. 32 వారాల స్కాన్ రిపోర్టు, రెండు అంచనాలు, హెచ్‌ఆర్ జవాబు చేతికొచ్చాక మళ్లీ రాయండి, అప్పుడు ప్లాటు గురించి మాట్లాడుకుందాం.