సర్దుకుపొమ్మనాలా, మానేయమనాలా?

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం దగ్గర పల్లె. నాలుగెకరాల తోతాపురి తోట ఉంది. మా అబ్బాయి ఫుడ్ టెక్నాలజీలో బీటెక్ చేసి, ఈ సీజన్‌లో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో క్వాలిటీ ట్రైనీగా చేరాడు. ఒక రాత్రి షిఫ్టులో శాంపిల్ తీయకుండానే, పోయిన గంట రీడింగే మళ్లీ వేసి సంతకం పెట్టమని సూపర్‌వైజర్ చెప్పాడంట. వీడు పెట్టనన్నాడు. అంతటితో ఆగకుండా ఫ్యాక్టరీ వాట్సాప్ గ్రూపులో 'ఇక్కడ దొంగ రికార్డులు రాస్తున్నారు' అని మెసేజ్ పెట్టాడు. మర్నాటి నుంచి వాణ్ని ల్యాబ్‌లోంచి తీసేసి కాయలు ఏరే చోట నిలబెట్టారు. మానేస్తానంటున్నాడు. వాళ్లమ్మ సర్దుకుపొమ్మంటోంది. నిజాయితీగా బతకమని చెప్పి పెంచింది నేనే, ఇప్పుడు ఏమని చెప్పేది సార్? ఇట్లాంటి మనిషి ఉద్యోగంలో పైకి రాగలడా? గవర్నమెంటు ఉద్యోగానికి చదవమందామా? మా బంధువొకాయనకు అక్కడి మేనేజర్ బాగా తెలుసు. ఆయన చేత ఒక మాట చెప్పించమంటారా?

జవాబు: మీ అబ్బాయి ఆ రాత్రి రెండు పనులు చేశాడు. సంతకం పెట్టనన్నాడు, గ్రూపులో మెసేజ్ పెట్టాడు. మొదటిది సరైన పని. రెండోది తొందరపాటు. మీ ఇంట్లో గొడవంతా ఈ రెంటినీ ఒకటే అనుకోవడం వల్ల వస్తోంది. వాళ్లమ్మగారు రెండోదాన్ని చూసి మొదటిది కూడా తప్పంటున్నారు. మీవాడేమో మొదటిది న్యాయం కాబట్టి రెండోదీ న్యాయమే అనుకుంటున్నాడు. విడివిడిగా చూస్తే మీరు ఏం చెప్పాలో మీకే తెలుస్తుంది.

ముందు ఆ రీడింగ్ సంగతి. ఇంట్లో అందరికీ ఇది చిన్న విషయంలా కనిపిస్తుండవచ్చు, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. సూక్ష్మక్రిములు చేరకుండా గుజ్జు నింపే 215 కిలోల ఎసెప్టిక్ డ్రమ్ముకు సీలు పడ్డాక దాన్ని మళ్లీ తెరిచేది నెలల తర్వాత, ఏ సౌదీలోనో నెదర్లాండ్స్‌లోనో ఉన్న జ్యూస్ ఫ్యాక్టరీలో. అప్పటిదాకా లోపల ఏముందో చెప్పడానికి ఆ కాగితం తప్ప ఇంకేమీ ఉండదు. బ్రిక్స్ అంటే గుజ్జులో చక్కెర, కరిగి ఉన్న ఇతర పదార్థాలు కలిపి ఎంత శాతం ఉన్నాయో చెప్పే అంకె. రిఫ్రాక్టోమీటర్ అద్దం మీద రెండు చుక్కలు వేస్తే క్షణంలో తెలిసిపోతుంది. తోతాపురిలో మామూలుగా 14కీ 16కీ మధ్య ఉంటుంది. దాంతోపాటు పీహెచ్, అంటే పులుపు ఎంతుందో చెప్పే అంకె, చూస్తారు. అది 4.6 కన్నా తక్కువగా ఉంటే బొటులిజం అనే ప్రాణాంతకమైన విషాహార జబ్బు తెచ్చే బ్యాక్టీరియా పెరగలేదు. ఈ అంకెలు గంటగంటకూ పెద్దగా మారవు. 'పోయిన గంటదే వెయ్యి' అనడం అంత తేలికగా నోట్లోంచి వచ్చేది అందుకే. పది సార్లలో తొమ్మిది సార్లు ఆ అంకె దాదాపు సరిగ్గానే ఉంటుంది. పదోసారి, దోరకాయల లోడు ఒకటి లైనులోకి వచ్చినప్పుడు తప్పిపోతుంది. శాంపిల్ తీసేది ఆ పదోసారి కోసమే.

మీరు రైతు కదా, ఇది నాకంటే మీకే బాగా అర్థమవుతుంది. వేబ్రిడ్జి దగ్గర మీ ట్రాక్టరు ఎక్కించకుండా, 'ముందు బండి ఎంత తూగిందో మీదీ అంతే రాసుకుందాం' అంటే ఊరుకుంటారా?

హైదరాబాద్‌లో సత్యం కంప్యూటర్స్ కథ మనందరికీ తెలుసు. 2009 జనవరి 7న ఆ కంపెనీ చైర్మన్ రామలింగరాజు రాసిన లేఖలో, పుస్తకాల్లో చూపిన లాభానికీ అసలు లాభానికీ మధ్య మొదట కొద్దిపాటి తేడానే ఉండేదనీ, ఏళ్లు గడిచేకొద్దీ అది పెరుగుతూ పోయిందనీ ఒప్పుకున్నారు. 2008 సెప్టెంబరు 30 నాటికి పుస్తకాల్లో ఉండి నిజంగా లేని నగదు, బ్యాంకు నిల్వలు 5,040 కోట్ల రూపాయలు. అక్కడ లెక్కలు రాసిన ఉద్యోగుల్లో ఎవరో ఒకరికి, ఏదో ఒక సాయంత్రం, 'ఈసారికి ఇలా వేసెయ్' అన్న మాట వినిపించే ఉంటుందని నాకనిపిస్తుంది. కాబట్టి సంతకం విషయంలో మీ అబ్బాయిని సర్దుకుపొమ్మని మాత్రం చెప్పకండి. ఒక్కసారి ఆ మాట మీ నోట వింటే, ఇన్నేళ్లు మీరు నేర్పిందంతా ఉత్తుత్తిదే అనుకుంటాడు.

ఇక రెండో పని. విలువ ఉండటం ఒక ఎత్తు, దాన్ని ఎప్పుడు, ఎవరి దగ్గర, ఎలా నిలబెట్టాలో తెలియడం ఇంకో ఎత్తు. మన ఇళ్లలో మొదటిది నేర్పుతాం. రెండోది ఎక్కడా నేర్పరు, కాలేజీలో అసలే నేర్పరు. తిరుపతిలో నా దగ్గరకు వచ్చే పిల్లల్లో మంచివాళ్లే ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

ఆ రాత్రి సూపర్‌వైజర్ ఎలాంటి స్థితిలో ఉన్నాడో ఒకసారి ఊహించుకోండి. గేటు బయట బండ్లు బారులు తీరి ఉంటాయి. యార్డులో కాయ మగ్గిపోతుంటుంది. లైను ఆగితే పైనుంచి తిట్లు. ల్యాబ్‌లో మనుషులు చాలరు. అతను చెప్పింది తప్పే. కానీ అతను దొంగ అని చెప్పడానికి అదొక్కటే చాలదు, టెన్షన్‌లో అడ్డదారి వెతుక్కున్న మనిషి కూడా కావచ్చు. మీ అబ్బాయి అప్పుడే, అక్కడే, గొంతు పెంచకుండా 'సార్, ఒక్క మనిషిని పది నిమిషాలు ఇవ్వండి, లైను ఆపే పనిలేదు, శాంపిల్ నేనే తీస్తాను' అని ఉండవచ్చు. దానికీ ఒప్పుకోకపోతే ఆ గడిలో 'శాంపిల్ తీయలేదు, మనిషి లేడు' అని టైము వేసి సంతకం పెట్టవచ్చు. అబద్ధం రాయడానికీ గొడవ పెట్టుకోవడానికీ మధ్య ఈ దారి ఎప్పుడూ ఉంటుంది, కొత్తవాళ్లకు అది కనపడదు. ఆడిట్‌కు వచ్చినవాళ్లు కారణం రాసి వదిలేసిన ఒక రీడింగ్‌ను లోపంగా రాసుకుని, దిద్దుకోమంటారు. అదే కల్పించిన అంకె ఒకటి దొరికితే ఆ పుస్తకం మొత్తాన్ని నమ్మరు. ఈ సంగతి సూపర్‌వైజర్‌కు గుర్తు చేసి ఉంటే అతనే వెనక్కి తగ్గేవాడేమో.

గ్రూపులో మెసేజ్ పడ్డాక ఏమైందో చూడండి. అతని కింద పనిచేసేవాళ్లందరి ముందు 'దొంగ' అన్న మాట వచ్చింది. ఆ క్షణం నుంచి అతనికి రీడింగ్ గుర్తులేదు, పోయిన పరువే గుర్తుంది. మేనేజర్‌కు కూడా దొంగ రికార్డు సంగతి కంటే గ్రూపులో రచ్చే పెద్ద సమస్య అయింది. మీవాడు పట్టుకున్న అసలు విషయం గురించి ఇప్పుడు ఆ ఫ్యాక్టరీలో ఒక్కరూ మాట్లాడటం లేదు. పొద్దున్నే క్వాలిటీ మేనేజర్ గదికి వెళ్లి విడిగా చెప్పి ఉంటే, ఆయన సరిచేయకపోయినా విషయం విషయంగానే మిగిలేది. ఆయన కూడా పట్టించుకోకుండా, పాడైన సరుకు జనం దాకా వెళ్తుందని ఆధారాలతో తెలిస్తే అప్పుడు బయట ఫిర్యాదు చేయడానికి దేశంలో ఆహార భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఉంది, ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్ ఉంది. ముందు లోపల చెప్పి, ఆ తర్వాతే బయటికి పోవాలి.

ఇంకొక మాట. అన్ని అన్యాయాలూ ఒక్క తీరువి కావు. తినేవాళ్లకు హాని చేసే పని, మన చేత అబద్ధం మీద సంతకం పెట్టించే పని వేరు. రాత్రి షిఫ్టులు మనకే ఎక్కువ వేయడం, పక్కవాణ్ని మెచ్చుకుని మనల్ని మరిచిపోవడం వేరు. మొదటి రకానికి తలొంచకూడదు. రెండో రకంలో కొన్ని అడిగి తేల్చుకోవచ్చు, కొన్ని వదిలేయవచ్చు. అన్నింటికీ ఒకే గొంతుతో అరిచేవాడి మాట, నిజంగా అరవాల్సిన రోజున ఎవరూ వినరు.

ఇలాంటివాడు పైకి రాగలడా అని అడిగారు. మన తిరుపతి జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట సంగతి చెబుతాను. 1979 ఆగస్టు 10న తొలి ఎస్‌ఎల్‌వీ-3 ప్రయోగం. ప్రాజెక్ట్ డైరెక్టర్ అబ్దుల్ కలాం. కౌంట్‌డౌన్ చివర్లో కంప్యూటర్ ఆపేయమంది. చుట్టూ ఉన్న నిపుణులు ఫర్వాలేదు, వెళ్లొచ్చన్నారు. కలాం కంప్యూటర్‌ను పక్కనపెట్టి ప్రయోగించారు. రెండో దశలో లోపం వచ్చి రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. ఆ రోజు విలేకరుల ముందుకు ఇస్రో చైర్మన్ సతీశ్ ధావన్ వెళ్లి బాధ్యత తన మీద వేసుకున్నారు. మరుసటి ఏడాది జులై 18న ప్రయోగం ఫలించినప్పుడు మాత్రం మీరే మాట్లాడండని కలాంను పంపారు. ఈ కథను అందరూ ధావన్ పెద్దమనసు గురించి చెబుతారు. అది నిజమే. కానీ నేను పిల్లలకు చూపించేది ఇంకొకటి. ఆ నిర్ణయం తానే తీసుకున్నానని కలాం తర్వాత ఎన్నోసార్లు దాచకుండా చెప్పారు. తప్పు ఒప్పుకుంటే మెడ కోయరన్న నమ్మకం ఉన్న చోటే లోపం ఎక్కడుందో త్వరగా బయటపడుతుంది, ఏడాది తిరిగేలోపు దిద్దుకోవడం కుదురుతుంది. ధావన్ మిగతావాళ్లకు ఇచ్చిన నమ్మకం అదేనని నా అభిప్రాయం.

1990ల్లో అమెరికాలో అమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రుల్లో మందుల పొరపాట్ల మీద పరిశోధన చేశారు. బాగా పనిచేసే బృందాల్లో తప్పులు తక్కువ ఉంటాయనుకుంటే, లెక్కల్లో ఎక్కువ కనిపించాయి. కారణం వెతికితే తేలిందేమిటంటే, ఆ బృందాల్లో తప్పు జరిగితే పైకి చెప్పగలుగుతున్నారు, మిగతా చోట్ల దాచేస్తున్నారు. మీ అబ్బాయి పనిచేసే చోట రికార్డుల్లో ఒక్క తప్పూ కనిపించకపోతే సంతోషించాల్సిన పనిలేదని దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

ఇప్పుడు వాడు నిలబడుతున్న చోటు శిక్షలా అనిపిస్తుంది, నిజమే. అయినా కాయలు ఏరే బెల్టు దగ్గర ఏళ్లుగా పనిచేసే ఆడవాళ్లు ఉంటారు. కాయను చేత్తో పట్టుకోగానే ఏ లోడు పాడైందో, ఏది ఇంకా మగ్గలేదో ల్యాబ్ కంటే ముందు వాళ్లకు తెలుస్తుంది. చాలా ఫ్యాక్టరీల్లో వాళ్లను ఎవరూ అడగరు, అడగరు కాబట్టి వాళ్లూ చెప్పరు. 'అక్కా, ఈ లోడు ఎట్లుంది?' అని రోజూ అడగమనండి. వాళ్లు బాగాలేదంటే ఆ లోడు నంబరు, టైము రాసుకుని ల్యాబ్‌కు చెప్పమనండి. తమ మాటతో ఒక లోడు పక్కకు పోయిందని చూశాక ఆ మనుషులు పనిచేసే తీరే మారుతుంది. రేపు షిఫ్టు ఇన్‌ఛార్జి అయితే మీవాడు చేయాల్సింది ఇదే, ఏ పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులోనూ ఇది దొరకదు.

గవర్నమెంటు ఉద్యోగానికి చదవాలని ఉంటే చదవమనండి. కానీ ఈ గొడవ నుంచి తప్పించుకోవడానికైతే వద్దు. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌కు శాంపిల్ విషయంలో వచ్చే ఒత్తిడి ఇంతకంటే తక్కువేమీ ఉండదు. సివిల్స్ మెయిన్స్‌లో 2013 నుంచి 250 మార్కులకు ఎథిక్స్ పేపరే పెట్టారు. అందులో ఇచ్చే కేస్ స్టడీలు మీ ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న చర్చలాంటివే. పై చదువు కావాలంటే మైసూరులోని కేంద్ర ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐలో ఫుడ్ టెక్నాలజీ ఎమ్మెస్సీ ఉంది. ఉద్యోగంలోనే ఉంటే ఆహార భద్రత పద్ధతులైన హ్యాసప్, ఐఎస్‌ఓ 22000 మీద ఆడిటర్ శిక్షణ తీసుకోవడం మంచిది. రికార్డుల మీద ఇంత పట్టుదల ఉన్నవాడికి ఆడిటింగ్ బాగా నప్పుతుంది.

ఈ వారం చేయాల్సింది ఇది. క్వాలిటీ మేనేజర్‌ను అడిగి పది నిమిషాలు కూర్చోమనండి. 'గ్రూపులో పెట్టడం తప్పు సార్, ఆ మాటకు సారీ. సంతకం మాత్రం ఇప్పుడు అడిగినా పెట్టలేను. రాత్రి షిఫ్టులో ల్యాబ్‌కు ఇంకో మనిషి ఉంటే ఈ సమస్యే రాదు' అని ఈ మూడే చెప్పమనండి. సూపర్‌వైజర్‌కు కూడా సారీ చెప్పాలి, అదీ ఎదురుగా. ఆ తర్వాత సీజన్ ముగిసేదాకా ఉండి చూడాలి. మళ్లీ అబద్ధపు సంతకం అడిగితే, లేదా మాట్లాడినందుకే ఇంకా వేధిస్తే, వేరే ఉద్యోగం చూసుకుని గౌరవంగా బయటికి రావడమే మంచిది. ఈలోపు శ్రీసిటీ పారిశ్రామికవాడలోని ఫుడ్ కంపెనీలకు, డెయిరీలకు దరఖాస్తులు పెట్టుకుంటూ ఉండవచ్చు. ఇంటర్వ్యూలో 'మీరేమైనా అడుగుతారా' అన్నప్పుడు, 'క్వాలిటీ విభాగం ఎవరి కింద ఉంటుంది సార్? పోయిన సీజన్‌లో ఏదైనా బ్యాచ్ ఆపారా, ఆపమని ఎవరు చెప్పారు?' అని అడగమనండి. ప్రొడక్షన్ మేనేజర్ కిందే క్వాలిటీ ఉందంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. ఆపిన బ్యాచ్ కథను దాచకుండా చెప్పారంటే ధైర్యంగా చేరవచ్చు.

మీ బంధువు చేత చెప్పించడం వద్దు. ఆయన మాట మీద మీవాడు రేపే ల్యాబ్‌కు తిరిగి వచ్చినా, సిఫార్సుతో వచ్చాడనే అందరూ చూస్తారు. ఆ తర్వాత వాడు ఏ రీడింగ్ తప్పని చెప్పినా దానికి విలువ ఉండదు. పైగా ఆ మేనేజర్ రేపు మీ బంధువు ద్వారానే 'మీవాణ్ని కాస్త చూసీచూడనట్టు పొమ్మనండి' అని చెప్పించవచ్చు, అప్పుడు కాదనడం మీకే కష్టమవుతుంది.