గడ్డకట్టే చలిలో కాంక్రీటు డ్రైవ్‌వే పైపొర ఎందుకు పెచ్చులూడుతుంది?

కాంక్రీటు సూక్ష్మరంధ్రాలలో చేరిన నీరు గడ్డకట్టి సుమారు 9 శాతం వ్యాకోచించడమే ఇందుకు ప్రధాన కారణం. దీనికి విరుగుడు, కలిపేటప్పుడే ప్రత్యేక రసాయనంతో అందులో 5 నుంచి 7 శాతం వరకు అతిసూక్ష్మమైన గాలి బుడగలు ఏర్పడేలా చేయడం. నీరు మంచుగా మారేటప్పుడు పుట్టే ఒత్తిడికి ఆ బుడగలు చోటిస్తాయి. నీటి పాళ్లూ ముఖ్యమే: 100 కిలోల సిమెంటుకు 45 కిలోలకు మించి నీరు కలిపితే, మిగులు నీరు ఆవిరైన చోట రంధ్రాలు పెరుగుతాయి. ఉదాహరణకు, ఒకే మిశ్రమంతో పోసిన పలకలోనైనా, నునుపు చేసేటప్పుడు పైన నీళ్లు చిలకరించిన భాగమే (పని సులువవుతుందని తరచూ చేసే పొరపాటు ఇది) సాధారణంగా ముందుగా ఊడుతుంది. సిమెంటు ఎక్కువ వేస్తేనో, మందం పెంచితేనో చాలునన్నది అపోహ. బుడగలు లేని మామూలు కాంక్రీటు ఎంత మందంగా ఉన్నా, నీటితో నానిన స్థితిలో పదేపదే గడ్డకట్టి కరిగితే దెబ్బతింటుంది, మంచు కరగడానికి చల్లే ఉప్పు ఆ నష్టాన్ని మరింత పెంచుతుంది.