బలమైన పాత్రలున్న నవల అంటే ధీరుల కథేనా?

కాదు, నవలలో ఒక పాత్ర బలంగా ఉందంటే, ఆ మనిషి చేసే పనుల వెనుక ఉన్న కోరికలూ భయాలూ పాఠకుడికి తెలుస్తున్నాయనీ, వాటి ఫలితాలు ఆ మనిషిని తాకుతున్నాయనీ అర్థం. రచయిత గుణగణాలను ఏకరువు పెట్టినంత మాత్రాన పాత్ర మనసులో నిలవదు. రెండింటిలో ఒకటి వదులుకోక తప్పని స్థితిలో దేనిని వదులుకున్నదో చూసినప్పుడే ఆ మనిషి ఎవరో తెలుస్తుంది.

ఇందుకు 1878లో పుస్తకంగా వెలువడిన టాల్‌స్టాయ్ నవల ‘అన్నా కరెనినా’ను నిస్సంకోచంగా సూచించవచ్చు. అందులో అన్నా భర్త కరెనిన్ పరువు కోసమే బతికే ఉన్నతాధికారి. అలాంటివాడు, భార్య ప్రసవం తరువాత చావుబతుకుల్లో ఉన్నప్పుడు ఆమెనూ, ఆమె ప్రియుడు వ్రాన్‌స్కీనీ మనస్ఫూర్తిగా క్షమించి, తనది కాని పసిబిడ్డను ఆదరిస్తాడు. అయితే ఆ ఔదార్యం కడదాకా నిలవదు. (నాయికను కాదని ఇతనిని ఎంచుకోవడానికి కారణం, ఇతనిని ఇష్టపడేవారు అరుదు కావడమే.)

పాత్ర నచ్చడాన్నే పాత్ర బలమని చాలామంది పొరబడతారు. కరెనిన్ నచ్చడు, కానీ అతని ప్రతి చర్యనూ నమ్ముతాము. పైగా ఏ లోపమూ లేని, ఎదురులేని నాయకుడి విషయంలో ఏమి చేస్తాడన్న సందేహానికే తావుండదు కనుక, అతని పాత్ర తరచుగా పలచబడుతుంది.