సిలిండర్‌లో గాలి నింపినందుకు డబ్బులెందుకు?

"గాలి ఊరికే దొరికేదే కదా, నీటి అడుగున ఊపిరికి వాడే స్కూబా సిలిండర్ నింపడానికి డైవ్ షాపులు డబ్బులెందుకు తీసుకుంటాయి? సగం గాలి మిగిలిన సిలిండర్‌కీ పూర్తి రేటు ఏం న్యాయం?" అని అడిగారు.

మాది సోంపేట. అండమాన్ పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం) స్థిరపడిన మా మేనమామ పుణ్యమా అని హేవ్‌లాక్‌లో (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు) ఒక డైవ్ షాపులో చేరి, నాలుగు సీజన్లు కంప్రెసర్ గదిలోనే గడిపాను. మీరిచ్చే డబ్బు ఫిల్టర్‌కీ, కరెంటుకీ, ఆ గదిలో చెవులు మూసుకుని నిలబడే మనిషికీ పోతుంది.

మామూలు అల్యూమినియం సిలిండర్ లోపల పట్టేది 11 లీటర్లు. అందులోకి 200 బార్ ఒత్తిడితో, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లతో, సుమారు 2,200 లీటర్ల గాలిని కూరుతాం. అండమాన్ గాలి చెమ్మ సంగతి తెలిసిందే. అంత గాలిని నొక్కితే ఒక్కో సిలిండర్‌కి యాభై గ్రాముల దాకా నీరు బయటకొస్తుంది. పది పదిహేను నిమిషాలకోసారి డ్రెయిన్ తిప్పితే నూనె కలిసిన ఆ నీరు పల్చటి మజ్జిగలా బుస్సుమని చిమ్ముతుంది. ముప్పై సిలిండర్లు నింపిన రోజున బకెట్‌లో లీటరున్నర తేలేది. మిగిలిన చెమ్మనీ, నూనె ఆవిరినీ, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువునీ పట్టాల్సింది ఫిల్టర్ కార్ట్రిడ్జ్. అది ఇన్ని గంటలకని లెక్కపెట్టి మార్చాలి. మా లాంటి ఉక్క ప్రాంతాల్లో ఆ గంటలు ఇంకా తగ్గుతాయి.

ఒక జనవరిలో, సీజన్ మంచి ఊపు మీదున్నప్పుడు, మా ఓనరు ఫిల్లింగ్ రేటు తగ్గించాడు. కంప్రెసర్ లేని చిన్న షాపులు మా దగ్గరే నింపించుకునేవి, వాళ్లందర్నీ లాగుదామని ఆయన ఆలోచన. రేటు తగ్గాక కార్ట్రిడ్జ్‌కి "ఇంకో వారం లాగించు" అన్నాడు. నేనూ లాగించాను. ఆ వారంలోనే ఒక పొద్దున కరెంటు పోయింది, జనరేటర్ వేశాం. రోజూ సముద్రం వైపు నుంచి వీచే గాలి ఆ పూట తిరిగింది. జనరేటర్ పొగ నేరుగా మా గాలి పీల్చే గొట్టం వైపు వెళ్తోందని నేను చూడలేదు.

పడవ ఎక్కబోతూ మా ఇన్‌స్ట్రక్టర్ అమ్మాయి రెగ్యులేటర్ (సిలిండర్ గాలి పీల్చే సాధనం) నోట్లో పెట్టుకుని ఒక్క శ్వాస తీసి, వెంటనే తీసేసింది. "అన్నా, డీజిల్ వాసన" అంది. నాకు కాళ్లలో బలం పోయింది. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. డీజిల్ వాసన తగిలిందంటే దాని వెనక అదీ ఉండే ఉంటుంది. చెమ్మ ఎక్కిన ఫిల్టర్ దాన్ని ఆపలేదు. పైగా ముప్పై మీటర్ల లోతున ఒత్తిడి నాలుగింతలు, విషం కూడా అంతే బలంగా పనిచేస్తుంది.

పద్నాలుగు సిలిండర్లు వరసగా పడుకోబెట్టి వాల్వులు తెరిచాను. చెవులు చిల్లులు పడే హోరు. వాల్వుల మెడ దగ్గర తెల్లగా మంచు పట్టింది, చేయి పెడితే జిల్లుమంది. మధ్యాహ్నం ట్రిప్ రద్దయింది, డబ్బులు వెనక్కిచ్చారు. ఆ రోజు నుంచి నా నమ్మకం ఒక్కటే: రేటు తగ్గించిన షాపు మొట్టమొదట చెయ్యి పెట్టేది ఫిల్టర్ ఖర్చు మీదే, ఆ తర్వాత టైము మీద. గబగబా నింపితే సిలిండర్ వేడెక్కుతుంది. అరవై డిగ్రీల దగ్గర 200 చూపించిన గేజ్ చల్లారాక 180కి దిగుతుంది.

ఇంకో మాట. దయచేసి దీన్ని "ఆక్సిజన్ సిలిండర్" అనకండి. టీవీ వాళ్లూ అదే మాట, యూట్యూబ్ వాళ్లూ అదే మాట. ఇందులో ఉండేది మనం పీల్చే మామూలు గాలే, ఆక్సిజన్ 21 శాతమే. స్వచ్ఛమైన ఆక్సిజన్‌తో ఆరు మీటర్లు దాటితే నీళ్లలోనే ఫిట్స్ వచ్చే ప్రమాదముంది. 32 శాతం ఆక్సిజన్ ఉన్న నైట్రాక్స్ వేరు. దానికి ఆక్సిజన్ కొనాలి, కొలిచే సెన్సర్ అరిగిపోతుంది, అందుకే రేటెక్కువ. మరీ లోతు డైవ్‌ల కోసం హీలియం కలిపితే ఎంత వాడితే అంత లెక్కగట్టి తీసుకుంటారు.

ఇక సగం సిలిండర్ గొడవ. పక్క వీధి షాపు మేనేజర్‌ది పలాస. "తమ్ముడూ, ఎనభై బార్ ఉంది కదా, సగం డబ్బులే రాయి" అనేవాడు. కంప్రెసర్ కాస్త తక్కువసేపు తిరుగుతుంది, నిజమే. కానీ సిలిండర్‌కి ఒత్తిడి పరీక్ష చేయించిన తేదీ చూడటం, వాల్వ్ ఓ-రింగ్ (గాలి కారకుండా ఆపే రబ్బరు రింగు) చూడటం, గొట్టం బిగించడం, చల్లారాక మళ్లీ గేజ్ పెట్టడం, అన్నీ ఒకేలా చెయ్యాలి. అసలు గాలి మిగిల్చి తెచ్చేవాళ్లే నయం. పూర్తిగా ఖాళీ చేసి వాల్వ్ తెరిచి వదిలేస్తే ఉప్పునీరు లోపలికి పోతుంది, అప్పుడు వాల్వ్ విప్పి లోపలంతా పరీక్షించాలి.

డీజిల్ సంగతి విన్న మర్నాడు ఆయనే వచ్చాడు. కొత్త కార్ట్రిడ్జ్ వేసిన తేదీ పుస్తకంలో చూపించమన్నాడు. చూపించాను. ఎనిమిది సిలిండర్లు దించి, అన్నింటికీ పూర్తి రేటు రాయించుకుని సంతకం పెట్టాడు.